హాజీ గారి పాత టైము

మొరాకోలోని మెక్నెస్‌లో మా ఆఫీసు గోడ గడియారం దాదాపు ఏడాది పొడుగునా గంట వెనకే ఉంటుంది. యజమాని హాజీ బెన్నాసర్‌కి సర్కారు గంట ముందుకు జరిపి పెట్టిన కొత్త టైము గిట్టదు. రంజాన్ నెలలో సర్కారే గంట వెనక్కి తిప్పుతుంది కాబట్టి, ఆ నెల మాత్రం ఆయనా దేశమూ ఒక్క మాట మీద ఉంటారు. ఆయన చాదస్తం గోడ దగ్గరే ఆగి ఉంటే ఎవరికీ నష్టం లేకపోయేది.

మా సర్వర్లు చూసుకునేది తూరియా. నా పక్క కుర్చీ. బొమ్మలూ బటన్లూ లేని నల్ల తెర మీద ఒక్కో కమాండూ టైప్ చేసి పని నడిపిస్తుంది. కమాండ్ సరిగ్గా పనిచేస్తే తెర ఏమీ అనదు, తప్పితేనే అరుస్తుంది. ఆమెతో హాజీ వరసా అంతే. సైట్లు నడిచినన్నాళ్లూ ఆమె ఉన్న సంగతే ఆయనకు గుర్తుండదు.

ఆ సైట్లలో ఒకటి డయాలసిస్ కేంద్రానిది. రోగిని ఇంటికి చేర్చే కారు ఎప్పుడు రావాలో అది డ్రైవరుకు మెసేజ్ పంపుతుంది. తూరియా 'బా' అని పిలిచే వాళ్ల నాన్న లమెక్కీ కూడా ఆ కార్లోనే ఇల్లు చేరతాడు. ఉపవాసం వద్దని డాక్టర్లు ఆయనకు గట్టిగా చెప్పారు. కనీసం ఉపవాసం విడిచే సాయంత్రం అజాన్ వేళకు ఇంట్లో అందరితో కలిసి హరీరా సూపు తాగాలని ఆయన ఆశ. రంజాన్‌లో ఆయనకు మిగిలింది అదొక్కటే.

రంజాన్ మొదటి రోజే కారు గంట ఆలస్యం. ఆయన ఇల్లు చేరేసరికి గిన్నెలు కడిగేశారు. మర్నాడు తూరియా సర్వర్లోకి వెళ్లి చూసింది. అది తనంతట తానే రంజాన్ టైముకు మారింది. దాని మీద ఇంకో గంట తగ్గించమని ఎవరో ఒక వరుస రాసిపెట్టారు. ఎవరో ఏమిటి, లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ ఉన్నది ఇద్దరికే.

"హాజీ, సర్వర్ టైము మీరేమన్నా ముట్టుకున్నారా?"

"ముట్టుకోక? నువ్వు మర్చిపోతావని నేనే తిప్పా."

"అది దానంతటదే తిరుగుతుంది హాజీ. నిన్న మా బా ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని..."

"దానంతటదే తిరిగితే నీకు జీతం ఎందుకమ్మా?"

నాకు ఒళ్లు మండింది. తూరియా పళ్లు బిగబట్టి ఆ వరుస తీసేసింది. తెర ఏమీ అనలేదు.

ఈలోగా డ్రైవర్లు మొత్తుకుంటున్నారని, తూరియా సరిచేసిన సంగతి తెలియక హాజీ ఇంట్లోంచే సర్వర్లోకి దూరి, గంట ముందుకు తోశాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు. లమెక్కీ తర్వాతి డయాలసిస్ రోజున కారు గంట ముందే వచ్చి, ఎవరూ కనబడక ఖాళీగా పోయింది. ఆయన మళ్లీ మెట్ల మీదే కూర్చున్నాడు.

అప్పుడు తూరియా టైము సరిచేసి, పాస్‌వర్డ్ మార్చేసింది.

"నా సర్వర్ నన్నే రానివ్వదేం?" అని హాజీ ఊగిపోయాడు.

"పాస్‌వర్డ్ రంజాన్ పండగనాడు ఇస్తా."

"ఉద్యోగం వద్దా నీకు?"

"అదీ పండగయ్యాకే అడగండి."

ఆ పై డయాలసిస్ రోజున కారు సరిగ్గా వేళకు వెళ్లింది. డ్రైవరు తూరియాకి ఫోన్ చేశాడు: "మీ నాన్న లేడక్కా. ముందే వెళ్లిపోయాడంట."

నా స్కూటర్ మీద ఇద్దరం వెతుక్కుంటూ పోయాం. లమెక్కీ ఊరి పాత కోట గోడ పట్టుకుని, రెండడుగులకోసారి ఆగుతూ నడుస్తున్నాడు.

"ఇవాళ కారు వేళకే వచ్చింది కదా బా," అంది తూరియా.

"వస్తుందో రాదో నాకేం తెలుసు తల్లీ. ఇవాళైనా మీతో కూర్చుందామని."

అజాన్ మొదలైంది. దారిన పోయేవాళ్లకు ఖర్జూరాలు పంచుతున్న ఒకాయన మా చేతుల్లోనూ పెట్టాడు. ముగ్గురం గోడ వారనే కూర్చుని తిన్నాం.

"ఇంట్లో మొదలుపెట్టేశారంటావా?" అన్నాడు లమెక్కీ.

"లేదు బా. నీ కోసం ఆగారు."

అజాన్ అయ్యాక ఏ ఇంట్లోనూ ఎవరూ ఆగరని ముగ్గురికీ తెలుసు. ఆయన తల ఊపి, ఖర్జూరం గింజ జేబులో వేసుకున్నాడు.