నేను పోయని నీళ్లు

ఆ రోజు నేను చేసింది మతిమరుపు కాదు, తెలిసి చేసిన తప్పు. దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతానని చెప్పను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

గద్వాలలో మహబూబ్ ఉస్తాద్ దగ్గర నేనూ కేశవులూ మెకానిక్ పని నేర్చుకున్నాం. నేను ముందు చేరాను. ఉస్తాద్‌కు ఒక పాత అంబాసిడర్ ఉండేది. ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కకుండా దాని రేడియేటర్ ముందు తడి గోనెసంచి కట్టేవాడు. ఎర్ర గుడ్డపీలికతో, ఎడమచేత్తో వేసే ఆ ముడి మా ఇద్దరికీ రాలేదు. పోయేముందు కారు కేశవులుకు ఇచ్చాడు. ఉస్తాద్‌కు మట్టి వేసి వచ్చిన రోజు కూడా నా మనసు ఆ కారు చుట్టే తిరిగింది.

పోయిన ఎండాకాలంలో దానికి మొదటి పెళ్లి కిరాయి వచ్చింది. పెళ్లికొడుకును వనపర్తికి తీసుకుపోవాలి. దారిలో ఆగితే మళ్లీ ఎవరూ పిలవరు. ముందురోజు కేశవులు రేడియేటర్ కడిగి, నీళ్లన్నీ వదిలేసి, నింపమని నాకు చెప్పి పూలకు పోయాడు. నేను నింపలేదు. కారున్న షెడ్డుకు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాను.

పొద్దున కారుకు పూలు కట్టేటప్పుడు అడిగాడు.

"అన్నా, నీళ్లు పోసినవా?"

"నిండా పోసిన్రా. నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకమేనే. జర పరేషాన్‌గున్న, గంతే."

నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఎర్రవల్లి దాటేలోపు ఆవిరి కక్కుతుందని, పెళ్లివాళ్ల ముందు అతని ముఖం మాడిపోతే చూద్దామని కాచుకున్నాను. స్టీరింగ్ ముందు ఇంజన్ వేడి చూపించే ముల్లు కదల్లేదు. నీళ్లు లేకపోతే ముల్లు తప్పు చూపిస్తుందిలే అనుకున్నాను. కానీ ఇంజన్ చప్పుడూ మారలేదు. కృష్ణా బ్రిడ్జి మీద తడి గోనె వాసన వచ్చింది.

పెబ్బేరులో చాయ్‌కి ఆగాం. కేశవులు పూలదండలు జరిపి బానెట్ ఎత్తాడు. రేడియేటర్ ముందు గోనెసంచి, ఇంకా నీళ్లు కారుతోంది. ఎర్ర పీలిక. గుడ్డ వేసి మెల్లగా మూత తిప్పాడు. గొంతు దాకా నీళ్లు.

"గిదేంది అన్నా! ఉస్తాద్ ముడి నీకెప్పుడొచ్చిందే? నాకు చెప్పకపోతివి!" అంటూ కళ్లు తుడుచుకుని నన్ను కౌగిలించుకున్నాడు.

నా చెయ్యి జేబులోని తాళంచెవిని తడుముకుంది.

పెళ్లివాళ్లను దింపి తిరిగి వస్తుంటే బ్రిడ్జి దగ్గర కారు ఆపమన్నాను. "నేను పోయలేదురా. నీ ఇజ్జత్ పోవాలనే పోయలేదు" అన్నాను. ముడీ నాది కాదన్నాను.

ఇంజన్ ఆపి నా వైపు తిరిగాడు. "మరెవరు పోసిండ్రు?"

"తెల్వదురా."

"దిగు. బస్సుల రా."

దిగాను. ఆ ఎండలో ఎర్రవల్లి దాకా నడిచాను.

షెడ్డు తాళంచెవి పెళ్లి ముందు రాత్రంతా నా జేబులోనే ఉంది. రెండో చెవి లేదు. ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. ఆ ముడి ఇప్పటికీ నాకు రాదు.

అప్పటి నుంచి ఆ కారు కిరాయికి పోయే రోజు పొద్దున్నే వెళ్లి నీళ్లు నేనే పోస్తున్నాను. మొదట్లో కేశవులు మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు చాయ్ తెప్పిస్తాడు. కానీ నేను మూత పెట్టాక, మళ్లీ తీసి తన కళ్లతో ఒకసారి చూసుకుంటాడు.

చూసుకోవాలి కూడా.