కారు మళ్లేదాకా సిమెంటు రోడ్డు

ఆ రోజుల్లో మా మండలంలో రోడ్డు ఎంత పొడవుండాలో తేల్చేది ఇంజనీరు కాదు, పెద్దాయన కారు. (పెద్దాయనంటే మా నాయకుడు. పేరెందుకులెండి.) ఆ కారు వచ్చి వెనక్కి మళ్లే చోటిదాకా సిమెంటు, అక్కణ్ణుంచి ఊరిదాకా బురద. బిల్లు మాత్రం ఊరిదాకా వెళ్లేది. కాంట్రాక్టరు ఆయనకు స్వయానా బామ్మర్ది కాబట్టి అందరూ అతన్ని 'బామ్మర్ది సారు' అనే పిలిచేవారు. మధిర దర్జీ కూతుర్నైన నేను కొత్తగా పంచాయతీ సెక్రటరీ ఉద్యోగమొచ్చి, బూర్గంపాడు దాటి ఈ అడవి అంచున దిగాను. లోకజ్ఞానం సున్నా, భయం నిండుగా.

రోడ్డు లేక మా కోయగూడెంలో నిండు చూలాలిని మంచానికి కట్టి అంబులెన్సుదాకా మోసేవారు. దారిలోనే ప్రాణం పోయిన ఆడపిల్లలున్నారు. ఆ వానల్లోనే గూడేనికంతటికీ పెద్దదిక్కయిన పెద్దవ్వ మనవరాలు నీళ్లోసుకుంది. సరిగ్గా అప్పుడే రోడ్డు 'పూర్తయింది', ప్రారంభోత్సవం అన్నారు. "మేడమ్, కొమ్ము డాన్సు పెట్టియ్యి, ఫొటోలు జబర్దస్తుగ రావాలె" అని బామ్మర్ది సారు హుకుం. నేను వెళ్లి, "అవ్వా, మీ మర్యాద ప్రకారం స్వాగతం చెప్పండి, ఏదీ తక్కువ కావద్దు" అన్నాను. "మా మర్యాదనా? అవ్, గట్లనే చేస్తం" అని అవ్వ తమ భాషలో ఏదో అంటే అందరూ పకపకా నవ్వారు. సంతోషమనుకున్నాను.

పెద్దాయన రిబ్బను కత్తిరించాడు, డోళ్లు మోగాయి. ముందు కొమ్ముల కిరీటాల మగవాళ్లు, పక్కన చేతులు పట్టుకున్న ఆడవాళ్లు, మధ్యలో దండలతో పెద్దాయన, ఆయన వెనక జిల్లా ఆఫీసరు. రోడ్డు అయిపోయింది, ఆట ఆగలేదు! "ఆపున్రి! గీడికే ప్రోగ్రాము!" అని బామ్మర్ది సారు పరుగెత్తుకొచ్చాడు. పెద్దవ్వ అడుగు తప్పకుండానే, "ఇంటిముందల కాళ్లు గడగాలె బిడ్డా. నడిమిట్ల ఆపితే సుట్టాన్ని ఎల్లగొట్టినట్టు" అంది. ఎదురుగా కెమెరాలాయె. పెద్దాయన నవ్వు చెదరకుండా బురదలోకి దిగాడు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది, రెండోది కాస్త దూరం తోడొచ్చింది. నా ఉద్యోగమూ వాటితోనే పోయిందనుకుంటూ వెనకే నడిచాను.

గూడెంలో పెద్దవ్వ ఆయన కాళ్లు భక్తిగా కడిగింది. (చాలా నీళ్లే పట్టాయి.) ఆఫీసరు తన ప్యాంటు చూసుకుని, "ఈ రోడ్డు పూర్తయిందని సంతకం పెట్టిందెవరు?" అన్నాడు. బామ్మర్ది సారు ఆకాశంకేసి చూశాడు. "ఏందిర గిది? మిగిలింది నీ సొంత పైసలతోటి ఎయ్యి!" అని పెద్దాయన అందరికీ వినబడేలా గర్జించాడు. అంతే, గూడెమంతా ఈలలు!

పని నత్తనడకే నడిచింది. విచారణ కొన్నాళ్లు, ఇసుక దొరకలేదని కొన్నాళ్లు. ఆగినప్పుడల్లా పెద్దవ్వ డోళ్లతో బామ్మర్ది సారు ఆఫీసుకెళ్లి, "సారూ, మళ్ల స్వాగతం జెప్తం రాండ్రి" అనేది. మర్నాడే సిమెంటు దిగేది. మనవరాలికి నొప్పులొచ్చేనాటికి అంబులెన్సు గుమ్మం ముందుకొచ్చింది. తన కాళ్లమీద తాను నడిచి ఆ పిల్ల బండెక్కుతుంటే గూడెమంతా కేకలు వేసింది, నేను వెక్కివెక్కి ఏడ్చాను.

ఇప్పుడు నేను పెద్ద కుర్చీలో ఉన్నాను. రూల్సన్నీ తెలుసు, ఎవరితో ఎలా మాట్లాడాలో తెలుసు. అయినా, ఏమీ తెలియకుండానే గెలిచేసిన ఆ మధిర పిల్లంటే నాకు కాస్త అసూయ.