డబ్బాల అడుగున ఎర్ర ఆకులు

పార్సిల్ వచ్చిన రోజే నాకు అనుమానం మొదలైంది. నిజం చెప్పాలంటే నాకు అనుమానం రావడానికి పార్సిల్ కూడా అక్కర్లేదు. పాలాయన రోజూ కంటే కాస్త ముందొచ్చినా ఎందుకొచ్చాడా అని కిటికీలోంచి చూసే మనిషిని. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చునేదానికి ఆ మాత్రం జబ్బు లేకపోతే గంటెలు కూడా మిగలవని నేనంటాను.

చేవెళ్ళ మెయిన్ రోడ్డు మీద మా దుకాణం, దాని వెనకే ఇల్లు. ఇంట్లో అత్తమ్మ, మా ఆయన, నేను, మా పాప, మా మరిది, అతని భార్య. మామ పోయి చాలా ఏళ్ళయింది. గచ్చిబౌలి కంపెనీలు చేవెళ్ళ దాకా మనుషులను లాక్కుంటున్న రోజులవి. మరిదికీ, అతని భార్యకీ అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. పొద్దున్నే ఒకే బండి మీద మొయినాబాద్, గండిపేట దాటుకుంటూ పోయి, పొద్దుగూకాక వచ్చేవాళ్ళు. ఆమెను నేను చెల్లె అనే పిలిచేదాన్ని.

ఆ చెల్లెకే వచ్చింది పార్సిల్. విప్పితే తెల్లటి పెట్టె, చూడటానికి ప్రింటర్‌లా ఉంది.

"ఏందే ఇది?" అన్నాను.

"కట్టింగ్ మిషన్ అక్కా. మనం ల్యాప్‌టాప్ల బొమ్మ పెడితే పేపర్‌ని అట్లనే కట్ చేస్తది. స్టిక్కర్లు గూడ."

"ఇంట్ల కత్తెర లేదా?"

ఆమె పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. కంప్యూటర్ల ముందు రోజంతా కూర్చుని వచ్చే పిల్లకు, సెలవు రోజున కూడా కాగితాలు కత్తిరించుకునే అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదేదైనా నా లెక్కలో ముందు అనుమానించాల్సిందే.

మొదట చేసింది కాగితం తోరణం. శ్రావణమాసం, గుమ్మానికి కట్టాలంది. ఒకవైపు జిగురు ఉండే ప్లాస్టిక్ చాప లాంటిది ఒకటుంది. దాని మీద ఆకుపచ్చ కాగితం అంటించి మిషన్ నోట్లో పెట్టింది. లోపల చిన్న బ్లేడు అటూ ఇటూ తిరుగుతూ మామిడాకులను కోసుకుంటూ పోయింది. పెద్ద చప్పుడేమీ లేదు, ఎలుక గోడను గీరినట్టు. పాప కళ్ళార్పకుండా చూసింది. నేను కూడా చూశాను కానీ తలుపు దగ్గర నిలబడి, ఉల్లిపాయల బుట్ట కోసం వచ్చినట్టు చూశాను.

బ్లేడు ఎంత లోతుగా దిగాలో చెల్లెకు ఇంకా చేతికి రాలేదు. ఆకుల కొసలు పూర్తిగా తెగలేదు. చాప మీంచి లాగితే ప్రతి ఆకు కొసా ఎడమవైపుకు చిరిగింది. అయినా దారానికి గుచ్చి గుమ్మానికి కట్టింది. నిజమైన మామిడాకులు మార్కెట్లో దొరుకుతుంటే, కొసలు చిరిగిన కాగితం ఆకులు కట్టిన ఇల్లు చేవెళ్ళలో మాదొక్కటే అయి ఉంటుంది.

తర్వాత పాప టీషర్టు మీద పేరు. రంగు షీటు కోసి, బట్ట మీద పెట్టి ఇస్త్రీ చేస్తే అంటుకుంటుందట. అక్షరాలను తిరగేసి కోయాలన్న సంగతి మరిచిపోయింది. పేరు కుడి ఎడమలు తారుమారై అంటుకుంది. పాప ఏడుస్తుందనుకున్నాను. అది ఆ చొక్కా తొడుక్కుని సాయంత్రం దాకా అద్దం ముందు నిలబడి తన పేరు చదువుకుని మురిసిపోయింది. ఆ రోజు మాత్రం నాకూ నవ్వాగలేదు.

ఆ తర్వాత వంటింట్లోకి వచ్చింది. కందిపప్పు, పెసరపప్పు, ధనియాలు అని తెల్లని స్టిక్కర్లు కోసి డబ్బాలకు అంటించడం మొదలుపెట్టింది. స్టిక్కర్ షీటులో పై పొర మాత్రమే తెగాలి, కింది కాగితం తెగకూడదు. అక్షరాల చుట్టూ మిగిలినదాన్ని పిన్నీసుతో ఊడదీయాలి. ఆ పనికి నన్ను కూర్చోబెట్టింది. నేను ఊడదీస్తూనే సణిగాను.

"కడిగితే పోయే పేరు పేరెట్ల అయితది చెల్లె?"

"పోతే ఇంకోటి కట్ చేసుకుంటం అక్కా."

నాకా మాట నచ్చలేదు. ఎందుకంటే దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టేది నేనే. కరెంటు పెన్ను లాంటి మిషన్ చేతబట్టుకుని, స్టీలు మీద పెడితే వీధి చివరి దాకా వినిపించే చప్పుడుతో కొడతాను. షాబాద్ నుంచి పెళ్ళి సామాన్లకు వచ్చేవాళ్ళు కూడా నా చేతి రాతే కావాలంటారు. నేను కొట్టిన పేరు గిన్నె ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

అయితే మా ఇంటి గిన్నెల మీద మాత్రం పేరు ఉండదు. అది మా వాళ్ళ పద్ధతి. ఇల్లు ఒకటిగా ఉన్నంతకాలం సామాను మీద పేరు కొట్టరు. అన్నదమ్ములు వేరుపడిన రోజునే సామానంతా హాల్లో పరిచి, ఎవరి పాలుకు ఏది వస్తే దాని మీద వాళ్ళ పేరు కొడతారు. మామ, ఆయన తమ్ముడు విడిపోయిన రోజున అలాగే కొట్టారు. ఆ ఇత్తడి గిన్నెలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. అత్తమ్మ వాటిని కిందికి దించనివ్వదు.

అందుకే, ఒక ఆదివారం పప్పులు ఎండబోసి డబ్బాలు కడుగుతుంటే అడుగున కనిపించిన ఎర్ర ఆకు నన్ను నిలువునా ఆపేసింది. వేలి గోరంత స్టిక్కరు. ఇంకో డబ్బా తిరగేశాను, దానికి లేదు. మరొకటి తిరగేశాను, ఉంది. పని పక్కన పెట్టి అల్మారాలో ఉన్నవన్నీ దించాను. పళ్ళాల్లో కొన్నింటికి ఉంది, కొన్నింటికి లేదు. గ్లాసులూ అంతే. నేను పేరు కొడితే కనిపించేట్టు పక్కన కొడతాను. ఎవరూ చూడని అడుగున గుర్తు పెట్టేది, ఎవరూ చూడకూడదనుకునేవాళ్ళే.

చెల్లెను అడిగాను. "డబ్బాల కింద ఏదో ఎర్రగ అంటుకున్నదేందే?"

"ఏమో అక్కా, మిషన్ చెత్త అయుంటది. గిట్ల అన్నిటికీ అంటుకుంటది" అంది, నా మొహం చూడకుండా.

చెత్త ఎక్కడైనా అంత చక్కగా, అడుగున సరిగ్గా నడిమధ్యలో అంటుకుంటుందా? ఈ పిల్ల వేరు కాపురానికి పాళ్ళు పంచుకుంటోంది. అదీ నాకు చెప్పకుండా.

ఆ రోజు నుంచి నా కళ్ళూ చెవులూ ఆమె మీదే. ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడేది. మేడ మీద బట్టలు ఆరేయడానికి పోయినట్టు పోయి వింటే "పై పోర్షన్", "నీళ్ళెట్ల వస్తయి" అన్న ముక్కలు వినపడ్డాయి. మోకిలలో కొత్త లేఅవుట్లు పడుతున్నాయని మరిది అన్నం తింటూ అన్నా, నేను అందులో అర్థం వెతికాను. మా ఆయనకు చెబితే "నీకు పనిలేదా" అని పేపరు తిరగేశాడు.

చివరికి అత్తమ్మకు చెప్పాను. శనివారం శనివారం చిలుకూరు గుడికి పోయివచ్చే మనిషి, ఇలాంటి లోకం సంగతులు ఆమెకేం తెలుస్తాయిలే అనిపించింది.

"చిన్నదాని మీద జర ఒక కన్నేయుండ్రి అత్తమ్మా."

"ఆ, ఏస్త" అంది అత్తమ్మ, చింతపండులోంచి గింజలు తీస్తూ.

కోపం కాదు నాది. కోపం పైకి కనిపించేది. లోపల ఉన్నది భయం. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మాట్లాడటానికి మనిషి ఉండేది కాదు. మామ దుకాణంలో, అత్తమ్మ పూజలో, మా ఆయన ఎక్కడున్నా ఒకటే. చెల్లె వచ్చాకే ఆ వంటింట్లో నవ్వు వినిపించింది. ఆమె పోతే మళ్ళీ కుక్కరు విజిల్ తప్ప ఇంకేమీ వినిపించదని నాకు తెలుసు. ఇల్లు విడిపోవడం కంటే, నాతో చెప్పకుండా విడిపోవడం నాకు ఎక్కువ నొప్పి పెట్టింది.

అలా ఉండగా మొయినాబాద్‌లో మా దుకాణంలో సామాన్లు కొనే గిరాకీ ఒకామె నోముకు పిలిచింది. వాయనం తీసుకుని బస్టాపుకు వస్తూ ఎండకు భయపడి అడ్డదారిన ఒక గల్లీలోకి తిరిగాను. ఒక ఇంటి పై పోర్షన్ గుమ్మానికి కాగితం తోరణం కట్టి ఉంది. ఆకుపచ్చ మామిడాకులు, ఒక్కో ఆకు కొస ఎడమవైపుకు చిరిగి ఉంది.

శ్రావణం అయిపోయాక ఆ తోరణం ఏదని అడిగితే, చెత్తలో పడేశానని చెప్పింది చెల్లె.

కింద ఇంటామె అప్పుడే ముంగిట్లో నీళ్ళు చల్లుతోంది. దాహం వేస్తోందని అడిగి, చెంబెడు నీళ్ళు తాగి, అప్పుడు మెల్లగా అడిగాను. "పైన ఖాళీగ ఉన్నదా అమ్మా?"

"లేదు. కిరాయికి ఇచ్చేసినం. చేవెళ్ళోళ్ళు. ఇంక సామాన్లు తేలే, తోరణం ఒక్కటి కట్టిపోయిన్రు."

"మొగుడు పెండ్లాలు వచ్చి మాట్లాడుకున్నరా?"

"వాళ్ళేడికెళ్ళి వస్తరు, ఇద్దరివీ నౌకరీలాయె. ముసలామె వచ్చి మాట్లాడింది, తోరణం గూడ ఆమెనే కట్టింది. సన్నగ ఉంటది, రెండు దిక్కుల ముక్కుపుడకలు. చిలుకూరుకు పోయొస్తూ ఆగేది. స్టీలు దుకాణమట వాళ్ళది."

చేతిలో చెంబు అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఊళ్ళో అందరినీ అనుమానించాను. పాలాయనను అనుమానించాను. శనివారం శనివారం తల స్నానం చేసి కొబ్బరికాయ పట్టుకుని బయలుదేరే మనిషిని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ కూలర్ ముందు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెప్పులు విడవకముందే అడిగేశాను.

"చిలుకూరుల దేవుడు కిరాయి ఇండ్లు గూడ చూపిస్తుండా అత్తమ్మా?"

ఆమె చాటలోంచి తల ఎత్తలేదు. "చూసొచ్చినవా?"

"చూసొచ్చిన."

"నీళ్ళు మంచిగొస్తయి ఆడ."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఒప్పుకుంటవా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె చాట పక్కన పెట్టి, అప్పుడు నావైపు చూసింది. "దినాం ఆ బండి చప్పుడు ఇనబడేదాక నాకు బుక్క దిగుతలేదు. ఆ రోడ్డు మీద లారీలు ఎట్ల పోతయో చూస్తలేవా? మొయినాబాద్ల ఉంటే సగం దూరం తగ్గుతది. ఆళ్ళు పోమనే అన్నరు. చిన్నదైతే అక్కను ఇడిసి నేను పోనని మొండికేసింది. నేనే పట్టువట్టిన."

"మరి ఆ ఎర్ర ఆకులేంది?"

అత్తమ్మ చేతికంటిన తవుడు కొంగుకు తుడుచుకుంది. తర్వాత అంది. "సామాను పంచాలె గద బిడ్డా. పంచితే పేర్లు కొట్టాలె. కొట్టేదెవరు? నువ్వే. ఆనాడు మీ మామ పేరు కొడుతుంటే, ఈ మూల నేను, ఆ మూల నా తోటికోడలు కూసొని ఆ చప్పుడు ఇన్నం. మళ్ళ మేమిద్దరం ఒక్క బంతిల కూసొని తినలే. ఆ చప్పుడు నీ చేతులతోని చేయించబుద్ధి గాలే నాకు. చిన్నదాని మిషన్ చప్పుడు చెయ్యది. అందుకే దానితోని గుర్తులు పెట్టమన్న. నీకు కనవడకుండ పెట్టమన్నది గూడ నేనే."

నా అనుమానం తప్పు కాలేదు. అనుమానించిన మనిషే తప్పు. కానీ ఇంత పెద్ద నిజం పట్టుకున్నాక కూడా నాకు గెలిచినట్టు అనిపించలేదు. లోపలికి పోయి అల్మారాలో ఉన్నదంతా హాల్లోకి తెచ్చి పరిచాను. ఏడుస్తూనే పరిచాను.

చెల్లె వచ్చి, హెల్మెట్ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. కింద పరిచిన సామాను చూసి అన్నీ అర్థమైనట్టున్నాయి. "అక్కా, నేను పోనన్న అక్కా. అత్తమ్మనే..." అని ఏడుపు మొదలుపెట్టింది. వెనక మరిది బూట్లు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు.

నాకు అప్పుడు ఇంకో సంగతి కళ్ళబడి ఉంది. ఎర్ర ఆకు ఉన్న పళ్ళాలన్నీ సొట్టలు పడ్డవే. డబ్బాలు మూత సరిగ్గా పట్టనివి. గ్లాసులు మెరుపు పోయినవి. మంచివాటిలో ఒక్కదానికీ ఈ పిల్ల గుర్తు పెట్టుకోలేదు. ఇలాంటప్పుడు మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు, అందుకే అరిచాను.

"స్టీలు దుకాణమోళ్ళ ఇంట్ల నుంచి సొట్టలు పడ్డ పళ్ళాలు తీస్కపోతవా? మొయినాబాదోళ్ళు మా మొహాన ఉమ్మేస్తరు!"

ఆమె ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూసింది. నేను పాతవన్నీ కాలితో పక్కకు జరిపి, మంచివి ఏరి ఆమె ముందు పేర్చాను. తర్వాత దుకాణంలోకి పోయి, పెళ్ళిళ్ళకు అమ్మే గంగాళాల్లోంచి ఒకదాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి, వాటి పక్కన ధబ్బున పెట్టాను. మా ఆయన గల్లా దగ్గర నుంచి చూసి, నా దారికి అడ్డంగా ఉన్న బకెట్లు పక్కకు జరిపాడు.

"ఇంత పెద్దది ఏం చేసుకుంటం అక్కా?" అంది చెల్లె, ముక్కు తుడుచుకుంటూ. "ఉండేది మేమిద్దరమే గద."

"మీరిద్దరే ఎట్లుంటరే? ఆదివారం మేమందరం దిగితే దేంట్ల వండుతవు?"