పొన్నూరులో నేను మౌనంగా ఉన్న ఒక్క పూట

నేను జన్మలో ఒకే ఒక్క పూట గంభీరంగా ఉన్నాను. ఆ ఒక్క పూటకే మా అత్తవారింట ఎవరికీ ముద్ద దిగలేదు, మావగారికి కళ్ళు తిరిగాయి, నెల రోజుల నా కాపురం కూలిపోయినంత పనైంది. ఎలాగో చెప్తాను. నవ్వుకోండి, పర్వాలేదు. మా చుట్టాలంతా నవ్వుకోవడం అయ్యాకే మీదాకా వచ్చాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి రకం చూసే పని నాది. మరల చప్పుడులో అరిచి అరిచి, ఇంట్లోనూ అదే గొంతు. పెళ్ళయిన మొదటి నెలంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను. మా ఆవిడ కల్యాణి తల వంచుకుని వింటూ ఉండేది. నేను నచ్చానో లేదో ఒక్క ముక్క చెప్పలేదు. ఆషాఢం వచ్చి ఆమె పొన్నూరులో పుట్టింటికి వెళ్ళిపోయాక ఆ దిగులే నన్ను తినేసింది. పెళ్ళాం మనసులో ఏముందో తెలియనివాడికి అన్నం ఏం సయిస్తుంది చెప్పండి?

అప్పుడు దొరికింది, ఆమె పెట్టెలో చీరల కింద, ఒక నవల. గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు కొనుక్కున్నది. అట్ట ఊడిపోయేంతగా చదివింది. అందులో కథానాయకుడు కొండ మీద బంగళాలో ఉంటాడు. ఎక్కడికెళ్తాడో చెప్పడు, ఎందుకొచ్చాడో చెప్పడు. భార్య ఏ చీర కట్టుకోవాలో, ఎవరితో మాట్లాడాలో అన్నీ అతనే ఆజ్ఞాపిస్తాడు. సగం అన్నంలో లేచిపోతాడు. మాటిమాటికీ కిటికీ దగ్గర నిలబడతాడు. నాకైతే వీడికేదో అజీర్తి ఉందనిపించింది. కానీ అతను నోరు తెరిచిన ప్రతిచోటా పక్కన పెన్సిలుతో టిక్కు! కొన్నిచోట్ల రెండేసి. ఒకచోటైతే కాగితం చిరిగేంత గట్టిగా పెట్టింది.

"ఓహో, అమ్మాయికి కావాల్సింది ఇలాంటివాడా!" అనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది. కానీ నేను పట్టు పడితే వదిలే రకం కాదు. ఆషాఢమంతా అద్దం ముందు సాధన చేశాను. మిల్లులో మావాళ్ళు "ఏరా, పంటినొప్పా?" అని అడిగితే, దారిలో పడ్డానని సంతోషించాను.

శ్రావణం రాగానే కల్యాణిని తీసుకురావడానికి పొన్నూరు వెళ్ళాను. గుమ్మంలోనే అత్తగారు ఎదురొచ్చారు.

"రండి బాబూ, ప్రయాణం బాగా జరిగిందా?"

"ఊఁ."

"అమ్మగారూ నాన్నగారూ బాగున్నారా?"

"ఊఁ."

"కూర్చోండి, కాఫీ తెస్తాను."

"అక్కర్లేదు."

ప్రాణం కాఫీ కోసం లాగేస్తోంది. అయినా నిలదొక్కుకుని, కిటికీ దగ్గరికెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా చూస్తూ నిలబడ్డాను. నవల్లో అతని కిటికీలోంచి లోయ కనబడుతుంది. నాకు గేదె కనబడింది. అదీ నన్నే చూస్తోంది. నేనే ముందు కళ్ళు దించుకున్నాను.

కల్యాణి మంచినీళ్ళు తెచ్చి, "ఒంట్లో బాలేదా అండీ?" అంది నెమ్మదిగా. ఆమె అంతట ఆమె నన్ను పలకరించడం అదే మొదలు! మందు పనిచేస్తోందని పొంగిపోయాను.

"ప్రశ్నలు నాకు నచ్చవు," అన్నాను. ఆ మాట పక్కన రెండు టిక్కులున్నాయి మరి.

మధ్యాహ్నం విస్తరి నిండా గారెలు, గుత్తొంకాయ, ముద్దపప్పు, గోంగూర. రెండు ముద్దలు తిని లేచిపోయాను. నా కడుపు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అసలు సంగతి నేను మర్చిపోయింది ఇక్కడే. కొండ మీద బంగళాల్లో ఎలాగో గానీ, మా వైపు కొత్తల్లుడు మూతి ముడుచుకున్నా, విస్తరి ముందు నుంచి లేచినా ఒకటే అర్థం. అల్లుడు అలిగాడు. అలిగాడంటే ఏదో కావాలి.

పావుగంటలో వంటింట్లో గుసగుసలు మొదలయ్యాయి. అరగంటలో కల్యాణి మేనమామ దిగాడు. ఆ వీధిలో ఏ అల్లుడు అలిగినా తీర్చేది ఆయనేనట.

"ఏం అల్లుడుగారూ, మనలో మనకి దాపరికం దేనికండీ? ఉంగరమా, బండా?"

సరిగ్గా ఇలాంటి చోటే నవల్లో అతను ఒక మాటంటాడు. కాగితం చిరిగిన చోటు అదే. గొంతు బరువు చేసి అన్నాను: "నాక్కావాల్సింది నేను అడగను. అదే నా దగ్గరికి వస్తుంది."

మేనమామ తువ్వాలు దులుపుకుని లేచాడు. "బావా, బండేనయ్యా! అదీ మామూలు బండి కాదు!" అని లోపలికి కేకేశాడు.

మావగారు గోడ పట్టుకుని కూర్చుండిపోయారు. కాసేపటికి తేరుకుని, నా మొహం చూడకుండా, "రేపు గుంటూరు పోయి తెస్తానండీ. అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి," అన్నారు. ఆ మాటకి నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను. నేను నోరు తెరిచేలోపే కల్యాణి దూసుకొచ్చింది.

"బండి కోసం అలిగారా? అయితే ఆ బండితోనే కాపురం చేసుకోండి. నేను రాను!"

ఆమెకు అంత గొంతుందని అప్పుడే తెలిసింది. నా గాంభీర్యం అక్కడికక్కడే సరి. సంచిలోంచి నవల తీసి ఆమె చేతిలో పెట్టాను.

"బండీ వద్దు, గిండీ వద్దు. నీకు ఇలాంటివాడంటే ఇష్టమేమోనని... ఈ టిక్కులు చూసి..."

కల్యాణి పుస్తకం వంక చూసింది, నా వంక చూసింది. "అవా? ఆ పిల్ల స్థానంలో నేనుంటే అతని చెంప పగలగొట్టే చోట్లు."

"రెండేసి టిక్కులు?"

"రెండు చెంపలూ."

"కాగితం చిరిగిన చోటు?"

"అక్కడ చెప్పుతో."

"మరి అన్నిసార్లు ఎందుకు చదివావు?"

"ఒక్కసారైనా కొట్టకపోతుందా అని!"

వంటింట్లోంచి అత్తగారి నవ్వు వినబడింది. మావగారు గోడ వదిలారు. తీర్చడానికి అలక లేకుండా పోయినందుకు మేనమామ మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

"మరి నెలంతా నాతో ఒక్క మాటైనా అన్నావా?" అన్నాను ఉక్రోషంగా.

"మీరు ఊపిరి తీసుకుంటే కదా! మీ కబుర్లకి నవ్వొస్తుంటే, అత్తయ్యగారి ముందు బాగోదని తల వంచుకునేదాన్ని."

నాకు మళ్ళీ విస్తరి వేశారు. ఎన్ని గారెలు తిన్నానో అడక్కండి.

మర్నాడు బస్సు కదలగానే నేను మొదలుపెట్టబోయాను. కల్యాణి చెయ్యి అడ్డం పెట్టి, "ఈసారి నేను చెప్తాను, మీరు వినండి," అంది. విన్నాను. ఆ బస్సు గుంటూరు చేరి ఇరవయ్యేళ్ళు దాటింది. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది.

కనుక పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ గంభీరంగా ఉండను. మౌనంగా ఉండటమంటారా, అది ఇప్పుడు నా చేతుల్లో లేదు.