తలుపు మూసి చూడని వేడి

మొన్న మా ఇంటి ఇన్వర్టర్ బాగుచేయడానికి వచ్చిన మనిషి మూత విప్పి, చేతిలోని పరికరాన్ని జానెడు దూరం నుంచే లోపలి భాగాల మీదికి గురిపెట్టాడు. ఏది ఎంత వేడెక్కిందో అంకెల్లో కనబడింది. చూస్తూ కూర్చున్నవాణ్ని, అక్కడ ఉండలేక పెరట్లోకి వెళ్లిపోయాను.

మా కాలంలో వేడిని అలా దూరం నుంచి చూడటం మాకు తెలియదు. డెబ్బైల మొదట్లో బోధన్ దారిలోని ఒక చిన్న చక్కెర మిల్లులో నేను మీటర్ల పని చేసేవాణ్ని. రెండు రకాల లోహపు తీగల కొసలు కలిపి అతికించిన, వేడిని కొలిచే థర్మోకపుల్ మొనను రెసిస్టరు ఒంటికో, ట్రాన్సిస్టరు నెత్తికో కదలకుండా ఆనించి, మీటరు డబ్బాలోని ముల్లు నిలకడగా ఆగేదాకా ఓపిక పట్టాలి. ఆ ఓపికే నాకు తక్కువ. కొలువు ఇప్పించింది ఇందల్వాయి పెద్దమ్మ కొడుకు. నాకు అన్న వరస, అదే మిల్లులో కరెంటు పని చేసేవాడు.

చెరకు ఆడటం మొదలుకాకముందే, చక్కెర నుంచి మడ్డిని వేరుచేసే యంత్రపు వేగాన్ని అదుపుచేసే ఇనుప బీరువాకు కరెంటు ఇచ్చి నడిపించి, అందులోని భాగాల వేడి చూడటం మా ఆనవాయితీ. సీజన్లో చెరకు పిప్పి దుమ్ము లోపలికి పోకుండా దాని తలుపు బిగించే ఉంచేవారు. కనుక మేమూ తలుపు మూసి, తీగలను అడుగు రంధ్రంలోంచి బయటికి తీసి, చాలాసేపు ఆగి చూడాలి. నిజామాబాదులో కొత్త సినిమా ఆడుతోంది, బస్సు దాటిపోతుందన్న తొందరలో ఆ ఏడు నేను తలుపు బార్లా తెరిచి, పక్కన ఫ్యాను తిరుగుతుండగానే చూసేశాను. అటుగా వచ్చిన అన్న నవ్వాడు.

"తలుపు తెర్సి పండుకున్నోనికి ఉక్క ఏం ఎర్కైతది తమ్మీ? మూసి సూడు."

"సూస్తనే, నువ్వు పో అన్నా" అన్నాను. చూడలేదు. అంతా సరిగ్గానే ఉందని పై అధికారికి చెప్పి బస్సెక్కాను.

సీజన్ మంచి ఊపులో ఉండగా ఒక మధ్యాహ్నం బీరువాలోంచి పొగ వచ్చింది. మూసిన తలుపు వెనక ఉడికి ఉడికి కాలిన రెసిస్టరు, పక్క తీగల తొడుగును అంటించింది. కరెంటు ఆపి అన్న తలుపు తెరిచాడు. గాలి తగలగానే మంట ఆయన ముఖం మీదికి లేచింది. రెండు కళ్లూ పోయాయి.

దవాఖానాలో కట్ల మధ్య నుంచి ఆయన నన్ను అడిగింది ఒక్కటే.

"తలుపు మూసి సూసినవా తమ్మీ?"

"సూసిన అన్నా."

"అట్లయితె నీదేం లేదు. సామానే ఖరాబుది."

నన్ను నిలదీయబోయిన పెద్దమ్మను ఆయనే ఆపాడు. విచారణకు వచ్చినవారికీ అదే చెప్పాడు. నా కొలువు నిలిచింది. తర్వాత ఎన్నో ఏళ్లు, నేను ఇందల్వాయి వెళ్లినప్పుడల్లా, అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లకు నన్ను చూపించేవాడు. ఆయన వేలు ఒక్కోసారి నేను లేని వైపుకి చూపేది. "మావోని చెయ్యి పక్కా" అనేవాడు. నేను చాయ్ తాగి వచ్చేసేవాణ్ని.

ఇప్పుడు ఆ మిల్లు మూతపడి గోడల్లో తుమ్మలు మొలిచాయి. చెరకు బండ్లు బారులు తీరిన దారిలో వరికోత యంత్రాలు పోతున్నాయి. అన్న లేడు, పెద్దమ్మ లేదు. ఆనాడు నిజం చెబితే నా చెంప పగలగొట్టడానికైనా మనుషులుండేవారు. ఇప్పుడు చెబితే, పోనీ తాతా, పాత సంగతి కదా అంటారు.