ఎడమకు ఒరిగే సైకిలు

మా బడి ముందర పదకొండు గంటలకు సైకిలు గంట మోగింది. రోజూ మోగేదే. పిల్లలు ఎక్కాలు ఆపేసి వాకిలి వైపు తిరిగారు, నేనూ తిరిగాను. దిగిన మనిషి వేరు. నేనెప్పుడూ చూడని నడివయసు మనిషి, ఖాకీ చొక్కా, సంచిని రొమ్ముకు అడ్డంగా వేసుకుని ఉన్నాడు.

"పోస్టాయన రాలేదా?" అన్నాను. నాతో ఒక మాటైనా చెప్పకుండా సెలవు పెట్టాడే అని లోపల చిరాకు కూడా పడ్డాను.

"ఆయప్ప చచ్చిపొయినాడు అయివోరా. నిన్న మద్యాన్నం. మీకింకా తెలీదా?"

నాకు తెలియదు. నిన్న పదకొండు గంటలకు ఇదే వాకిట్లో నిలబడి, "ఆదివారం తెల్లారేటప్పటికి సిద్దంగా ఉండండి, మొన్న మాదిరి నిద్రపోతే నేనొక్కణ్ణే పోతా" అని నన్ను బెదిరించి వెళ్ళిన మనిషి. "మీకెవరు చెప్పారు?" అని వచ్చినాయన్ను గద్దించాను, ఆయనేదో తప్పు చేసినట్టు. ఆయన నా చేతిలో ఒక కార్డు పెట్టాడు. ఆ కార్డును మూడుసార్లు చదివాను. అందులో ఏముందో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

ఇది చదివే మీకు ఆయన తెలిసి ఉండడు. బేరిగైలో కాపురం, చుట్టూ ఉన్న తొమ్మిది పల్లెలకు ముప్పై ఏళ్ళు జాబులు మోసిన పోస్టుమాన్. ఆ తొమ్మిదింటిలో ఒక పల్లె బడికి నేను అయ్యవారిని. బడికంతా నేనొక్కణ్ణే కాబట్టి పెద్దవాళ్ళతో మాట్లాడాలంటే నాకు దొరికేది ఆయన, అదీ రోజుకు పది నిమిషాలు. ఇంకో ఆరు నెలల్లో ఆయనకు రిటైరు. ఆ లోపల సేలం అవతల ఏర్కాడు కొండమీదికి ఇద్దరం సైకిళ్ళ మీద వెళ్ళి రావాలని ఒప్పందం. అరసంవత్సరం పరీక్షల సెలవుల్లో ప్రయాణం. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం తయారవుతూ వచ్చాం. ఇంకా పద్దెనిమిది రోజులు ఉందనగా ఈ మాట వినవలసి వచ్చింది.

ఏర్కాడే ఎందుకంటే, మా వైపు నుంచి ఆ కొండమీది కాఫీ తోటల్లో పనికి పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ జాబుల మీద ఆ ఊరి ముద్ర చూసి చూసి ఆయనకు మనసు పడింది. ఆ జాబులకు కాఫీ వాసన వస్తుందని కూడా అనేవాడు. ఒకసారి నేను కవరు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, జిగురు వాసన తప్ప ఏమీ రాలేదు. ఆ మాటే చెబితే, "మీకు జలుబు పట్టి ఉండాది అయివోరా" అన్నాడు.

అసలు కోరిక అది కాదని తరువాత తెలిసింది. సంచి దించి మా బడి అరుగు మీద కూర్చుని ఒకరోజు చెప్పాడు. "ముప్పై ఏండ్లుగా తొక్కతా ఉండాను. ఒగ తూరి కూడా నాకోసరం తొక్కలేదు. ఒగరింటి పెండ్లి, ఇంగొగరింటి సావు, అన్నీ ఈ బుజానే మోసినాను. ఒగే ఒగ తూరి, ఎవురి జాబూ లేకుండా, వట్టి బుజంతో మంచి కొండదారిలో తొక్కల్ల. అంతే." ఎందుకో ఆ మాట నన్ను పట్టుకుంది. నేనూ వస్తానని ఆ క్షణానే చెప్పాను. నాకు అప్పటికి మిట్ట ఎక్కడం రాదు.

రాదంటే బొత్తిగా రాదు. ఊరి బయట కొంచెం ఎత్తు వస్తే చాలు, ఊగిపోతూ నాలుగు తొక్కులు తొక్కి దిగిపోయేవాణ్ణి. ఆయన పక్కనే ఏ తొందరా లేకుండా పోతూ, "సైకిలుతో ఎందుకు కొట్లాడతా ఉండారు? అది మిమ్మల్ని ఏమీ అనలేదు కదప్పా" అనేవాడు. పైకి చూడనిచ్చేవాడు కాదు. "టయిరు ముందర జానెడు జాగా చూడండి, సాలు. దారంతా మీకెందుకు?" నాకు ఒళ్ళు మండేది. కానీ జానెడు జానెడు చూస్తూ పోతే మిట్ట ఎప్పుడో అయిపోయేది.

మిట్టలకు ఆయన పెట్టిన పేర్లు వేరే. సర్వే వాళ్ళకూ తెలియవు, ఊళ్ళో వాళ్ళకూ తెలియవు. మిలిటరీ మిట్ట దాటితే పట్టాళంలో ఉన్న కొడుకు జాబు కోసం కాచుకున్న ఇల్లు. కోర్టు మిట్ట దాటితే నోటీసులు తప్ప ఇంకేమీ రాని అన్నదమ్ములు. అన్నిటికన్నా నిటారుగా ఉండేది రాని జాబు మిట్ట. దాని పైన ఒక ముసలామె రోజూ "నాకేమన్నా ఉండాదా నాయనా?" అని అడిగేదట. ఏమీ లేదని చెప్పడానికే రోజూ ఆ మిట్ట ఎక్కి దిగేవాడు. ఎందుకండీ అంటే, "కింద్నించే పొయినాననుకో, తెచ్చినా ఈయకుండా పొయినాడనుకుంటుంది" అన్నాడు.

మొదటి ఆదివారం సంగతి చెప్పాలి. బేరిగై నుంచి సూళగిరి మీదుగా, మేలుమలై కణుమ దిగి కృష్ణగిరి చేరి, మళ్ళీ అదే కణుమ ఎక్కి రావడం మా అభ్యాసం. పోయేటప్పుడు దారి తనంతట అదే దించుతుంది, వచ్చేటప్పుడే ఉంది పని. ఆరోజు సంచి ఇంట్లో పెట్టి వచ్చాడు. ఉతికిన చొక్కా, ఖాళీ భుజం, పెళ్ళికొడుకు మాదిరి. ఊరు దాటకముందే మొదటి మిట్ట మీద సైకిలు ఎడమకు గుంజుకుని పోయి కాలవలో పడ్డాడు. లేచి మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ పడ్డాడు. ముప్పై ఏళ్ళ పోస్టుమాన్ సైకిలు మీది నుంచి రెండుసార్లు పడటం చూసి నేను సిగ్గు లేకుండా నవ్వాను.

కారణం ఇద్దరం కాలవ గట్టున కూర్చుని కనిపెట్టాం. అందరూ సంచిని రొమ్ముకు అడ్డంగా వేసుకుంటారు. ఈయన మాత్రం, ఇంటింటి దగ్గరా దించడానికి సులువని, దాని వారును, అదే పట్టీని, కుడి భుజానికే తగిలించుకుని, ఆ బరువుకు సరిపడా ఎడమకు ఒరిగి తొక్కేవాడు. ముప్పై ఏళ్ళకు ఆ ఒరుగు ఒంట్లోకి ఇంకిపోయింది. సైకిలుకూ ఇంకిపోయింది. సీటు ఎడమ పక్కకు కుంగింది, ముందు చక్రం ఎడమకే లాగుతుంది. కుడి భుజాన బరువు లేనిదే మనిషీ నిలవడు, బండీ నిలవదు.

"ఎట్ల చేసేది అయివోరా?" అన్నాడు. ఆ ముఖం చూశాక నాకు నవ్వు ఆగిపోయింది.

తరువాతి ఆదివారం ఒక పాత సంచి తెచ్చాడు. అందులో పది సేర్ల రాగులు పోశాం. కొలిచింది నేనే. ఆ బరువుతో ఆయన సైకిలు గీత గీసినట్టు పోయింది. కొండ మీదికి దీంతోనే ఎక్కుతాననీ, పైన రాగులన్నీ గువ్వలకు పోసేసి ఖాళీ భుజంతో దిగుతాననీ తీర్మానించాడు. పడితే ఎలా అన్నాను. "పడితే పడతాను. వట్టి బుజంతో కదా పడేది" అన్నాడు. దారి పొడుగునా అప్పుడు మైలురాళ్ళు పీకి కిలోమీటరు రాళ్ళు పాతుతున్నారు. "నిన్నటిదాకా ముప్పైగా ఉన్న దారి ఈపొద్దు యాభై ఎట్లాయె? మనకు చెప్పకుండా సాగదీసినారా?" అని రాయి రాయికీ తిట్టేవాడు.

ఇప్పుడు నేను చెప్పవలసిన చోటికి వచ్చాను. రాయడానికి చెయ్యి రావడం లేదు.

దీపావళి అయిన తరువాతి ఆదివారం, కణుమ ఎక్కుతున్నాం. ఆరోజే నేను మొదటిసారి ఎక్కడా దిగకుండా పైదాకా తొక్కాను. గర్వంగా వెనక్కి తిరిగి చూస్తే, ఎన్నడూ దిగని మనిషి దిగి ఉన్నాడు. ఒక చెయ్యి సైకిలు మీద, ఒక చెయ్యి రొమ్ము మీద. వెనక్కి దిగి వెళ్ళి ఏమైందని అడిగాను.

"ఏమీ లేదు. సంచి వారు ఒరుసుకోని మంటగా ఉండాది" అన్నాడు.

"ఈరోజు సైకిలుతో కొట్లాడుతున్నది మీరే" అన్నాను నేను. ఎన్నాళ్ళ నుంచో ఆ మాట అనాలని కాచుకుని ఉన్నాను. ఆయన నవ్వాడు. ముఖమంతా చెమట. ఎండ అనుకున్నాను.

కబురు విన్న ఆరోజు, ఆ కార్డు జేబులో పెట్టుకుని, పిల్లల్ని ఇళ్ళకు పంపి, బేరిగైకి తొక్కుకుంటూ వెళ్ళాను. దారిలో మిట్టలు వచ్చే ఉండాలి, నాకు ఒక్కటీ జ్ఞాపకం లేదు. ఒక్కచోట మాత్రం ఆగాను. ఊరికి అర మైలు ఇవతల, బల్ల మాదిరి చదునుగా ఉండే రోడ్డు మీద, అడుగున వాననీళ్ళు పోయే ఒక చిన్న మోరీ ఉంది. ఆ మోరీ గట్టు మీద కూర్చునే ప్రాణం వదిలాడని అక్కడున్నవాళ్ళు చెప్పారు. సైకిలుకు స్టాండు వేసి ఉందట. సంచి ఒళ్ళో ఉందట. దారిన పోయే బండివాళ్ళు, పోస్టప్ప అడ్రసులు చూసుకుంటున్నాడనుకుని పలకరించి మరీ పోయారట. తొమ్మిది పల్లెల మిట్టలూ ఎక్కి దిగి, ఒక్క చీమంత ఎత్తు కూడా లేని చోట. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా? నాకు ఏడుపు రాలేదు. ఆ రోడ్డును చూస్తూ నిలబడ్డాను.

స్నానం చేయించేటప్పుడు నన్నూ నీళ్ళు పోయమన్నారు. చెంబు వంచాను. కుడి భుజం మీద సంచి వారు పడ్డ జాడ, వేలు పెడితే ఇమిడేంత పల్లం, అక్కడ నీళ్ళు ఒక్క క్షణం నిలిచి జారిపోయాయి. అప్పుడు తెలిసింది నాకు. సంచి వారు ఉండేది కుడి పక్క. ఆరోజు కణుమలో ఆయన చెయ్యి పెట్టుకున్నది ఎడమ పక్క. ఆ పక్కన వారు ఏనాడూ తగల్లేదు. చిన్నపిల్లలకు కుడి చెయ్యేదో ఎడమ చెయ్యేదో నేర్పి జీతం తీసుకునే మనిషిని నేను. ఎదురుగా నిలబడి చూశాను, చూసి ఎగతాళి చేశాను.

ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నొప్పి అని మీతో ఎప్పుడైనా అన్నాడా?" అని అడిగాను.

"దీపావళి కాణ్ణించి అంటానే ఉన్నెడు. కిష్ణగిరి ఆస్పత్రికి పోదాం రా అంటే, ఏర్కాడు పోయొచ్చినంక పోదాం అనె. అయివోరికి మాత్రం చెప్పొద్దు, చెప్తే నన్ను పోనియ్యడు అనె."

నాకు కోపం వచ్చింది. పడుకోబెట్టిన మనిషి మీద, ఆ ఇంటి మధ్యలో, పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. పది సేర్లు ఎందుకు కొలిచాను, అయిదు చాలవా అని నా మీద నాకున్న కోపం అంతకన్నా పెద్దది.

పదకొండో రోజు కార్యం అయ్యాక నేను లేచి రాబోతుంటే ఆమె పిలిచింది. ఇంటి ముందరి పంచలో ఆయన సైకిలు ఉంది. పక్కన సంచి ఉంది.

"మీరు కొలిచిన రాగులు అట్లే ఉండాయి అయివోరా, ఒగ గింజ తియ్యలేదు. పోతామన్న దినానికి మీరు పోండి. ఈ సైకిలు మీదనే పోండి."

"ఎలా పోయేదమ్మా? ఆయన లేకుండా?"

"ఆయప్ప పోలేక పొయినాడు. ఇదన్నా పోనీ. నాలుగు నెల్లు దానికి నూనె పోసి పోసి పెట్టినాడు."

అందుకే వెళ్ళాను. సంచి లేకుండా ఆ సైకిలు ఎక్కి చూస్తే నన్నూ అదే కాలవలోకి తీసుకుపోబోయింది. రాగుల సంచి కుడి భుజానికి వేసుకుని ఎడమకు ఒరిగాను. సరిగ్గా పోయింది. ఆయన ఆకారంలో నన్ను నేను సర్దుకుని రెండు రోజులు తొక్కాను. కృష్ణగిరి దాటాక మిట్టలు ఎదురైతే వాటికి పేర్లు లేవు. జానెడు జానెడు చూస్తూ పోయాను. కొండదారి వంపుల్లో రెండుసార్లు దిగాను, దిగిన ప్రతిసారీ నా ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. ఏమీ లేదు, గట్టిగా కొట్టుకుంటూ ఉంది.

పైకి చేరేటప్పటికి పొద్దు వాలుతోంది. తోటల పక్కన కల్లాల్లో కాఫీ గింజలు ఎండబోసి ఉన్నాయి. వాసన వచ్చింది. ఆయన చెప్పిన వాసన, కవరులో నాకు అందని వాసన. దారి పక్క బండ మీద కూర్చుని ఏడ్చాను. మోరీ దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది. తరువాత లేచి సంచి విప్పి, రాగులన్నీ ఆ బండ మీద పోశాను. నేను అవతలికి జరిగాక గువ్వలు వచ్చాయి.

ఖాళీ సంచి హ్యాండిలుకు తగిలించాను. ఇంక భుజాన బరువు లేదు, ఎక్కితే ఆ సైకిలు నిలవదు. ఎడమ పక్కన నిలబడి హ్యాండిలు పట్టుకుని, కొండ అంతా నడిచి దిగాను. వంపు తరువాత వంపు, అడుగడుక్కీ ఆ సైకిలు ఎడమకు, నా మీదికి ఒరుగుతూ, నా భుజానికి ఆనుకునే వచ్చింది.