గంజి పట్టిన గాలపు తాడు

చిన్నాయన విసిరిన గాలపు తాడు ఏటి మడుగులో మునిగిన కాసేపటికే చుట్టూ నీళ్ళు తెల్లబడ్డాయి. వేలెడంత చేపపిల్లలు గుంపుగా వచ్చి, కొక్కేనికి గుచ్చిన ఎరను వదిలేసి, తాడుకు పట్టించిన గంజిని తినసాగాయి. గట్టు మీద మా వీధి వీధంతా ఉంది. "ఏమప్పా, సాదం వడ్డిస్తా ఉండావా? రవంత ఊరగాయ గూడా వెయ్యి," అన్నాడు ఎదురింటాయన. మా నాయన మాత్రం నవ్వలేదు. "అయిపాయ గదరా. నీ బామ్మర్ది తోడొస్తాడులే," అని కండువా దులుపుకుని ఇంటిదారి పట్టాడు.

మొన్న మద్రాసులో ఒక అంగట్లో గాజుపోగులా మెరిసే నైలాను తాడు చూసినప్పుడు ఆ ఉదయం గుర్తుకొచ్చింది. నీళ్ళలో ఎన్నాళ్ళు నానినా చెక్కుచెదరదని అంగడివాడు గొప్పగా చెబుతుంటే నాకు నవ్వాగలేదు.

మాది వేలూరు దగ్గర గుడియాత్తంలో కైలీలు, అంటే గళ్ళ లుంగీలు నేసే ఇల్లు. నాలుగు గుంట మగ్గాలు, పద్నాలుగు మంది మనుషులు. మా పనిలో ఒక్కరే చేసుకునేదంటూ ఏదీ లేదు. నేసేవాడికి నూలు కండెలు చుట్టిచ్చేవాళ్ళు పక్కనుండాలి. పడుగు నూలుకు గంజి పట్టించాలంటే దాన్ని వీధి పొడవునా సాగదీయాలి, ఇరుగూ పొరుగూ వచ్చి చేయి వేయాలి. అన్నం తినేటప్పుడు పక్కన ఆరుగురు, నిద్రపోయేటప్పుడు ఎనిమిది మంది. మా నాయన తమ్ముడైన చిన్నాయన నలభై దాటినా ఒక్క పూట ఒంటరిగా ఉండి ఎరగడు. ఒకసారి కైలీల మూటతో మద్రాసు వెళ్ళి, సముద్రపు ఒడ్డున గాలం పట్టుకుని మోకాటిలోతు అలల్లో నిలబడ్డ మనిషిని చూసి వచ్చాడు. చేపల సంగతి ఆయన చెప్పనే లేదు. "అంతసేపు నిలబడుకున్నా వాణ్ణి ఒక్కరు గూడా పలకరించలేదురా," అని నాతో పదిసార్లైనా అన్నాడు.

అప్పటినుంచి తనూ అలా గాలంతో వెళ్ళాలని ఇంట్లో ఒకటే ఏర్పాట్లు. రైల్లో మద్రాసు, అక్కణ్ణుంచి కాలువ పడవలో దగ్గర్లోని కోవళం, ఆపైన మహాబలిపురం దాకా ఇసుక మీద నడక. నాలుగు దినాలు, తనొక్కడే. నేను అప్పుడు వేలూరులో చదువుకుంటున్నాను కాబట్టి కొక్కేలు కొనుక్కొచ్చే పని నాకు అప్పజెప్పాడు. అంచు చెడిన కైలీలు కలిపి కుట్టి గుడారం చేశాడు. గళ్ళ గళ్ళ ఆ గుడారాన్ని పెరట్లో నిలబెట్టి చూస్తే, చిన్నమ్మ అందులో దూరి మధ్యాహ్నం హాయిగా నిద్రపోయింది. నూలు పోగులు పేని తాడు చేసి, మా చేతిలో పడ్డ ఏ నూలుకైనా చేసినట్టే దానికీ దిట్టంగా గంజి పట్టించి ఎండబెట్టాడు. అది కర్రలా నిలబడితే చూసి మురిసిపోయాడు.

చేపలు పట్టడానికి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒంటరిగా పోవడమే ఎవరికీ మింగుడు పడలేదు. "ఒగడే పోయి ఏం చేస్తావురా? ఎవురితో మాట్లాడతావు?" అన్నాడు నాయన. చివరికి ఒక షరతు పెట్టాడు: ఎవరి సాయమూ లేకుండా మా ఊరి ఏటిలో ఒక్క చేప పట్టి చూపించాలి, లేకపోతే చిన్నమ్మ తమ్ముడు వెంట వెళ్తాడు. ఆ తమ్ముడు మంచివాడే గాని, రైల్లో కే.వి.కుప్పం దగ్గర మొదలుపెట్టిన మాట జోలార్పేట దాటినా పూర్తయ్యేది కాదు.

మడుగు దగ్గర పరువు పోయాక చిన్నాయన రెండు రోజులు మగ్గం గుంటలోంచి సరిగ్గా తలెత్తలేదు. మూడో రోజు, పేర్ణాంబట్టులో తోళ్ళు పదును చేసే షెడ్డులో పనిచేసే సాయిబు ఒకాయన కైలీలకు వచ్చి, సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "గంజి మగ్గం కాడ వరకే నాయనా. నీళ్ళలోకి పోయేదానికి తంగేడు చెక్క కావాల. తోలుకు ఏందో, తాడుకూ అదే," అని కొత్త తాడు పేనించుకుని తీసుకుపోయాడు. తంగేడు బెరడు నానిన తొట్టిలో మునిగి, వారానికి అది ఎర్రమట్టి రంగులో, ఘాటైన తోలు వాసనతో తిరిగొచ్చింది.

ఈసారి వీధికి కబురు చెప్పకుండా వెళ్ళాం. పొద్దెక్కే వేళకు చేప పడింది. అరచేతిలో సగం కూడా లేదు. ఇంటికి తెచ్చి ఆకులో పెట్టి చూపిస్తే నాయన కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశాడు. "ఇదీ ఒగ చేపేనా?" అన్నాడు. ఎప్పుడూ ఆయన ముందు నోరు విప్పని చిన్నమ్మ తలుపు చాటునుంచి అంది: "బావా, మీరు ఒగ చేప అన్న్యారే గాని, ఎంత చేపో, ఎన్నో తూరికో చెప్పలేదు. పోనీండి. పద్నాలుగు మందిలో నాలుగు దినాలు ఒగరు తగ్గితే మాకూ రవంత గాలొస్తాది." నాయన ఆమె వైపూ చేప వైపూ చూసి, "పొమ్మను," అన్నాడు.

చిన్నాయన వెళ్ళాడు. అయిదో నాటి సాయంత్రం ముక్కు మీద తోలు ఊడి, జేబుల నిండా ఇసుకతో, చేతిలో చేపన్నదే లేకుండా తిరిగొచ్చాడు. అందరూ చుట్టూ మూగారు. "చేపలు పడినాయా? వండుకున్న్యావా? భయమేసిందా?" ఆయన చెంబెడు నీళ్ళు తాగి, "బాగుండాది," అన్నాడు. నాయన గట్టిగా అడిగితే, "అది మాత్రం అడగొద్దన్నా. ఆ నాలుగు దినాలూ నావి," అని లేచి మగ్గంలోకి దిగాడు.

నేను పత్రికలో విలేకరిగా చేరి ఎందరెందరి నోళ్ళో విప్పించాను. ఆయన దగ్గర మాత్రం నా విద్య పారలేదు. అడిగినప్పుడల్లా నవ్వి కండె మార్చుకునేవాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది, చిన్నమ్మా పోయింది. ఆ ఒడ్డున ఒక్క చేపైనా పడిందో లేదో మా ఇంట్లో ఈనాటికీ ఎవరికీ తెలియదు.